మా విశాఖపట్టణ యాత్ర

ముప్పదియేడేండ్లు వచ్చువరకు నేను సముద్రమును కన్నులార చూచి యెరుగను. పుస్తకములలో మాత్రము బాగుగ నెరుగుదును. మా నాయనగారు చిన్ననాట నాకు ఇంటనే భారత భాగవతములును, రెండుమూడు ప్రబంధములును చదివించిరి. అగస్త్యుడు పుడిసిట పట్టి త్రాగిన సముద్రము, దేవదానవులు మందరగిరితో చిలికిన సముద్రము, దారి యిమ్మని శ్రీరాముడు ఒడ్డున దర్భలపై పరుండి వేడిన సముద్రము, ఇవియన్నియు నాకు ఇరుగుపొరుగువలె పరిచితములే. అయినను ఆ నీటి యుప్పదనము నా నాలుకకు తెలియదు.

మాది టేకులపల్లి. ఇల్లెందునకును కొత్తగూడెమునకును నడుమ అడవియంచున నున్న యూరు. ఊరి పేరులోనే టేకు ఉన్నది. వేసవి వచ్చెనన్న ఇప్పపూల వాసనయు, తునికాకు కట్టలును మా లోకము. నీరన్న మాకు చెరువు, వాగు. అంతకన్న పెద్దది చూడవలెనన్న భద్రాచలము పోయి గోదావరిని చూడవలెను. మావారు బడిపంతులుగారు. ఆయన జీతములో నలుగురము సుఖముగ భుజించుచున్నాము గాని దేశాటనములకు మిగులునది స్వల్పము.

ఇట్టి మేము విశాఖపట్టణమునకు ప్రయాణమగుటకు మా పెద్దమ్మాయి కారణము. అది ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. లెక్కలలో దిట్ట. ఒకనాటి రాత్రి భోజనముల వేళ, "నాన్నా, నేను ఓడలు కట్టే చదువు చదువుతాను. విశాఖలో ఉంది. ప్రవేశ పరీక్ష రాస్తాను" అని చల్లగ చెప్పినది. ఇండియన్ మారిటైమ్ విశ్వవిద్యాలయమని 2008లో ఏర్పడినది కలదట. దాని శాఖ యొకటి విశాఖలో నున్నదట. అందు నాలుగేండ్ల చదువట. నా చేతిలోని గరిటె చేతిలోనే నిలిచినది. ఆడపిల్ల, అడవిలో పుట్టి పెరిగినది, దానికి ఓడలతో నేమి పని? 2004లో సునామీ వచ్చినపుడు పత్రికలలో చూచిన బొమ్మలు నా కన్నుల నింకను మెదలుచుండెను. రెండు దినములు నేను దానితో సరిగ మాటాడలేదు.

మావారు మాత్రము నాతో నిట్లనిరి: "చూడకుండా వద్దనడం చదువుకున్నదానికి తగదు. మన రోజా వాళ్ల ఇల్లు అక్కడే ఉంది కదా, పోయి చూసి వద్దాం. చూసిన తరువాత నువ్వు వద్దంటే వద్దు." రోజా యన మావారి పినతండ్రి కూతురు, నాకు ఆడబిడ్డ, దాని పెనిమిటి ఓడరేవులో గుమాస్తా. అది యెన్నియో సార్లు మమ్ము పిలిచినది. తీర్పు నా చేతిలో పెట్టినందున నేను కాదనలేకపోతిని.

సంక్రాంతి పండుగ ఇంటనే జరుపుకొని, కనుమనాడు కదలరాదు గనుక ముక్కనుమనాడు బయలుదేరితిమి. అరిసెలు, సకినాలు డబ్బాలకెత్తితిని. అత్తగారికి చిన్నవానిని అప్పగించి, ఇల్లెందుమీదుగ ఖమ్మము పోయి, రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెసు నెక్కితిమి. రైలు పేరు విని నాకు కొంత ధైర్యము కలిగినది, మన నది పేరే గదాయని. రాజమహేంద్రవరము వద్ద వంతెన దాటునపుడు అందరును నిద్రించుచుండిరి. నేనును అమ్మాయియు కిటికీకడ కూర్చుండి నదిలో నాణెములు వేసితిమి. చీకటిలో నీరు కానరాలేదు గాని, ఇనుప మ్రోత చాలసేపు వినవచ్చినది.

అపుడు అమ్మాయి నాకొక మాట చెప్పినది. పదునేడవ శతాబ్దమున గోదావరి సముద్రమును చేరుచోటికి దగ్గరనున్న నరసాపురమున గొప్ప ఓడలు కట్టెడివారట. ఆంగ్లేయులును, డచ్చివారును గూడ అచ్చట ఓడలు కట్టించుకొనిరట. ఎగువ అడవుల టేకు మ్రాకులు గోదావరిపై తేలుచు అచ్చటికి పోయెడివట. టేకులో సహజముగ నూనె గలదు గనుక నీట నానినను చీకదు, పురుగు పట్టదు, దానిలో దిగిన ఇనుపమేకు తొందరగ త్రుప్పు పట్టదు. "మన అడవి చెట్టు ఎప్పుడో సముద్రం చూసింది, అమ్మా" అని నవ్వినది. మా ఇంటి ద్వారబంధమును, పీటలను, మా అత్తగారి మందసమును తలచుకొంటిని. నేనేమియు బదులు చెప్పలేదు.

తెల్లవారునప్పటికి విశాఖ చేరితిమి. ఆడబిడ్డ ఇల్లు చేరి స్నానపానములు ముగించి పది గంటలకు సముద్రతీరమునకు పోతిమి. వీథి మలుపు తిరుగగనే ఇండ్లవరుస తెగిపోయి ఎదుట నీలపుగోడ యొకటి నిలుచుండెను. అది నీరని తెలియుటకు నాకు కొంత వ్యవధి పట్టినది. నేను సముద్రము దిగువన నుండుననుకొంటిని. అది కంటికెదురుగ మీదికి లేచినట్లు కానవచ్చును. ఘోష యనుమాట కావ్యములలో చదివితిని. కాని అది యెడతెగక యుండుననియు, మాట మాటకు నడుమ దూరుననియు ఎరుగను.

పాదములు తడుపుకొనుటకు దిగితిమి. అల వచ్చి వెనుకకు పోవునపుడు కాలిక్రింది యిసుక జారిపోవుట మీరెరుగుదురా? నేలయే నన్ను విడిచిపోవుచున్నట్లు తోచి అమ్మాయి చేయి గట్టిగ పట్టుకొంటిని. ఇంతలో పెద్ద అల వచ్చి దాని చెప్పులలో నొకదానిని కొనిపోయినది. అది చెప్పుకొరకు రెండడుగులు ముందుకు వేయగా నేను బిగ్గరగ నరచితిని. చుట్టునున్నవారు మావైపు చూచిరి. ఈ తీరమున అలలు మోసగించునవనియు, లోనికి పోరాదనియు పలకలు వ్రాసి పెట్టియున్నారు. చెప్పు పోయిన పోయినది గాని నా గుండె దడ సాయంకాలమువరకు తగ్గలేదు. ఆ క్షణమున నా తీర్పు "వద్దు" అనియే.

తీరమున అమ్ముడుపోవు తినుబండములలో రెండింటిని చెప్పెదను. ఒకటి మరమరాలలో ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసము, వేరుసెనగపప్పు కలిపి యిచ్చు మిక్చరు. రెండవది టమాటా బజ్జీ. పండిన టమాటాను సెనగపిండిలో ముంచి వేచి, చీల్చి, అందు ఉల్లికారము కూరుదురు. ఇంట చేసికొనదలచినవారు గట్టిపండ్లనే ఏరుకొనవలెను. మెత్తనివి నూనెలో విచ్చిపోవును.

ఆ తీరముననే కురుసుర అను జలాంతర్గామిని ఒడ్డుకెక్కించి ప్రదర్శనశాల చేసియున్నారు. అది 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరి, 2001 ఫిబ్రవరిలో కొలువు విరమించినది. మరుసటి యేడు చూపరులకు తెరచిరి. పొడవు సుమారు 91 మీటర్లు. లోపల ఒకరివెంట నొకరు వంగి నడువవలసినదే. డెబ్బదిమందికి పైగా మనుష్యులు అందు నెలలకొలది బ్రతికిరట. నేను వంటయిల్లు వెదకితిని. మన ఇంటి దేవుని గూటికన్న కొంచెము పెద్దది! అందే అందరికిని వంట. పడకలు గోడ కంటించిన బల్లలు. ఇట్టి యిరుకులో ఒకరినొకరు కసరుకొనక యుండుటయే గొప్ప శౌర్యమని నాకు తోచినది.

అచ్చటికి దగ్గరనే విశాఖ మ్యూజియము కలదు. పాతకాలపు డచ్చివారి బంగళా యది. అందొక బాంబు నుంచిరి. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖ రేవుపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. అవి వేసినవాటిలో నిది యొకటి. ఆడబిడ్డ అత్తగారు తమ పెద్దలు చెప్పినమాట చెప్పిరి: బండ్లు దొరకినవారు బండ్లమీద, దొరకనివారు కాలినడకను, పిల్లలను చంకనెత్తుకొని పల్లెలకు పోయిరట, పొయ్యిమీది అన్నము పొయ్యిమీదనే యుండినదట. ఆ మాట విని నాకు భయము మరికొంత పెరిగినది.

మరునాడు తెల్లవారుజామున ఆడబిడ్డ నన్ను చేపలరేవునకు తీసికొనిపోయినది. మసక వెలుతురులో మరపడవలు వరుసగ నిలిచియుండెను. గంపలకొలది చేపలు దించుచుండిరి. వంజరము, చందువ, కానాగంత, రొయ్యలు, పీతలు, ఇంకను నాకు పేరు తెలియనివి యెన్నియో. పాటలు పాడువారు మగవారైనను బేరమాడువారు పెక్కుమంది స్త్రీలే. జాలరి స్త్రీలు మోకాలి పైకి కోకలు బిగించి, నడుమున రూకలసంచులు దోపుకొని, గట్టిగ మాటాడుచు లెక్కలు క్షణములో తేల్చుచుండిరి. ఆడబిడ్డ ఎప్పుడును కొనునట్టి ముసలమ్మ యొకతె గంప యెదుట కూర్చుండి యుండెను. ఆమె పెనిమిటియు, ఇద్దరు కొడుకులును సముద్రముమీదికి పోవువారే. "భయము లేదా?" అని యడిగితిని. ఆమె చేప పొలుసు గీకుచు తలయెత్తకయే యిట్లు చెప్పినది:

"బయం నేకుండా ఉంటాదేటమ్మా? ఆ బయం ఒడ్డు మీద మా కాడే ఉంటాది. ఆల్లు పడవెక్కి యెల్లిపోతారు."

ఆ మాట నా మనస్సున నాటినది. భయము మనది, దానిని పిల్లల మూటలో కట్టి పంపనక్కరలేదు. అయినను ఆ దినమున నాకది యంత స్పష్టముగ తెలియలేదు.

ఆ మధ్యాహ్నము ఆడబిడ్డ వంజరపు పులుసును, పనసపొట్టు కూరయు చేసినది. పొట్టును చింతపులుసుతో నుడికించి, పోపు పెట్టి, దింపిన పిమ్మట ఆవముద్ద కలుపవలెను. పొయ్యిమీద నుండగా కలిపిన ఆవ చేదెక్కునని దాని హెచ్చరిక. మావైపున నింత ఆవ వాడము. తిన్నప్పుడు ముక్కున ఘాటెక్కి కన్నుల నీరు తిరిగినది గాని, చేయి విడువ మనసొప్పలేదు. మా సకినాలను వారు "ఇవి ఎట్లు చుట్టితివి వదినా?" యని వింతగ చూచుచు తినిరి.

సాయంకాలము రాసుకొండ యెక్కితిమి. దీనిని రాస్ హిల్ అందురు. ప్రక్కప్రక్కనే మూడు గుట్టలు. ఒకదానిపై క్రైస్తవుల మేరీమాత గుడి, ఒకదానిపై మహమ్మదీయుల దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల. మూడును ఒక్క కాలువవంకనే చూచుచుండును. ఆ కాలువయే ఓడలు సముద్రమునుండి లోపలి రేవునకు వచ్చు దారి. ఆవలియొడ్డున యారాడకొండ సముద్రములోనికి మూతి చాచియుండును. ఆ కొనను డాల్ఫిన్ ముక్కని పిలుతురు. ఆ కొండయే రేవునకు కాపు. ఈ రేవు 1933 అక్టోబరులో తొలియోడకు తెరవబడినది. ప్రారంభోత్సవము ఆ డిసెంబరులో జరిగెను. కాలువనోట అలల యుద్ధృతి నాపుటకు రెండు పాతయోడలనే ముంచి అడ్డుకట్టగ నుంచిరట. ముసలివయస్సున గూడ తోడిఓడలకు నీడనిచ్చు నావలను గూర్చి విని ముచ్చటపడితిని.

మేము చూచుచుండగనే యొక పెద్దయోడ కాలువలో ప్రవేశించినది. ముందొక చిన్న పడవ, వెనుక నొక చిన్న పడవ దానిని పట్టి నడిపించుచుండెను. అంత యినుము నీటిపై మెల్లగ, చప్పుడు లేక, మా పాదముల క్రిందుగ సాగిపోయినది. "ఇంత యినుము మునుగదేమి?" అని నాకు తెలియకయే నోట వచ్చినది.

అమ్మాయి మెట్టుపై కూర్చుండి చెప్పినది: "అమ్మా, నీళ్ల తొట్టిలో గరిటె వేస్తే మునుగుతుంది, గిన్నె వదిలితే తేలుతుంది. రెండూ ఇత్తడే. గిన్నె తనెంత బరువో అంత బరువు నీళ్లను పక్కకు తోస్తుంది, అందుకని తేలుతుంది. ఓడా అంతే. బరువు అడుగున ఉండాలి, పైకి ఉంటే ఒరిగిపోతుంది. సరుకు లేకుండా పోయేటప్పుడు కడుపులో నీళ్లు నింపుకుంటుంది. ఎంత నింపాలి, ఎక్కడ నింపాలి, గాలి వస్తే ఎంత ఒరిగి మళ్లీ నిలబడాలి అని లెక్క వేయడమే ఈ చదువు. నేను ఓడెక్కి పోవడం లేదు. ఓడ మునగకుండా కట్టడం నేర్చుకుంటాను."

ఇంతవరకు అది సముద్రముమీదికి పోవుననియే నేను బెంగపడుచుంటిని. అడుగక, వినక, రెండు దినములు మాటలు మానితిని. సిగ్గు కలిగినది.

కాలువకు లోపలివైపున నౌకానిర్మాణశాల క్రేనులు కానవచ్చుచుండెను. దానికి 1941 జూనులో బాబూ రాజేంద్రప్రసాదుగారు పునాదిరాయి వేసిరి. సింధియా కంపెనీ యధిపతి వాల్‌చంద్ హీరాచంద్ దీని స్థాపకులు. మరుసటి యేడే బాంబులు పడినవి. 1948 మార్చి 14న ఇచ్చట కట్టిన "జల ఉష" అను ఓడను జవాహర్‌లాల్ నెహ్రూగారు నీట దింపిరి. స్వాతంత్ర్యము వచ్చి యప్పటికి ఏడు నెలలే. ఆ పేరు వినగనే నాకు ప్రీతి కలిగినది. నీటిమీద ఉషస్సు! పేరు పెట్టినవారెవరో మంచి సాహిత్య మెరిగినవారు.

మూడవనాడు సింహాచలము. ఊరికి వాయవ్యముగ కొండలలో నున్నది. మెట్లు సుమారు వేయి, బస్సును పోవును. మేము ఎక్కునపుడు బస్సులోను, దిగునపుడు మెట్లమీదను పోతిమి. స్వామి వరాహలక్ష్మీనృసింహుడు. సంవత్సరమంతయు చందనపు పూతలో లింగాకృతిగ నుండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపముతో దర్శనమిచ్చును. ఉగ్రమూర్తికి చందనము చలువయని పెద్దలందురు. గుడి గోడలనిండ శాసనములు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగమును జయించి వచ్చి స్వామిని సేవించి ఆభరణములు సమర్పించినట్లు శాసనము కలదు. నేను చదివిన ప్రబంధములలో రాయలు సింహాసనముపై కూర్చుండి కవులను గౌరవించువాడు. ఆయన ఈ రాళ్లమీద నడచెనని తలచినపుడు పుస్తకము తెరచుకొని లోనికి పోయినట్లైనది. కప్పస్తంభమును కౌగిలించుకొని కోరినకోరిక ఈడేరునట. అమ్మాయి కౌగిలించుకొన్నది. నేనును కౌగిలించుకొంటిని. కోరిక లిద్దరివియు ఒక్కటియో వేరో ఆ స్వామికే యెరుక. కొండదిగువ అనాసపండ్లు, సంపెంగపూలు అమ్ముదురు. సింహాచలపు సంపెంగ సువాసన రెండు దినములు నా సంచిని విడువలేదు.

నాలుగవనాడు తెల్లవారుజామున అరకు పోవు రైలెక్కితిమి. సోదరీమణులారా, ఈ రైలు ప్రయాణమును మాత్రము మానవలదు. కొత్తవలస, శృంగవరపుకోట దాటిన పిమ్మట బండి కొండలెక్కును. 50కి పైగా సొరంగములు. చీకటిలోనికి పోయి వెలుతురులోనికి వచ్చునపుడు పెట్టెలోని పిల్లలందరు కేకలు వేయుదురు. రెండు మూడింటి పిమ్మట పెద్దలును వేయుదురు. ఒక కిటికీనుండి లోయ, ఒక కిటికీనుండి కొండగోడ. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్నది.

ఈ దారి చరిత్రము వినదగినది. బస్తరులోని బైలాడిలా కొండల యినుపరాతిని కొనుటకు 1960లో జపాను ఉక్కు కర్మాగారములవారు మన దేశముతో ఒడంబడిక చేసికొనిరి. ఆ రాతిని విశాఖ రేవునకు దింపుటకే కొత్తవలస-కిరండోలు రైలుదారి వేయబడినది. పెద్ద యోడలు నిలుచుటకు 1976లో బయటిరేవు ఏర్పడినది. 1942లో బాంబు వేసినవారే ఇరువదియేండ్లు తిరుగకమునుపే గిరాకిదారులై వచ్చిరి! నేల తవ్వి దూరమునకు పంపుట మాకును క్రొత్తగాదు. మా ఇల్లెందులో 1889 నుండి బొగ్గు తీసిరి. కాని మా బొగ్గు ఎవరి పొయ్యిలో మండినదో మేమెన్నడును విచారింపలేదు. ఎదురుగ వచ్చు గూడ్సుబండ్లలో ఎర్రని రాతిపొడి చూచుచు, కొండకును కడలికిని ఎంత దగ్గరి చుట్టరికమో యని తలపోసితిని.

బొర్రా గుహలలో సున్నపురాతిమీద నీరు చుక్క చుక్కగ కారి, వేలకొలది యేండ్లకు స్తంభములుగ, జడలుగ, గుడిగోపురములుగ పేరినది. పైనుండి దిగునదియు క్రిందనుండి లేచునదియు కలిసిన చోట్ల కంబము నిలిచినది. గోస్తనీనది యిచ్చటనే. ఒక యావు పైనున్న బిలమునుండి లోపలబడగా, దానిని వెదకుచు వచ్చిన కాపరి శివలింగమును కనుగొనెనని గిరిజనులు చెప్పుదురు. మెట్లు తడిగ నుండును. పట్టుచీరలు కట్టుకొని పోరాదు.

అరకులో చలి మెండు. వెండిఓకు చెట్ల నీడలో కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగలు. ఎర్రపండ్లను చేతితో కోసి, తొక్క తీసి, కడిగి, ముంగిళ్లలో ఎండబోయుచుండిరి. చేయువారు గిరిజన కుటుంబములవారే, అందు స్త్రీల పని అధికము. ఈ కాఫీకి 2017లో ప్యారిసు నగరమున దుకాణము వెలసినది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసము నింపి, ఆకులతో మూతి మూసి, నూనె లేకయే నిప్పులమీద కాల్చి యిత్తురు. మావారును అమ్మాయియు తిని మెచ్చిరి. శనివార మగుటచే నేను ముట్టక కాఫీతో తృప్తినొందితిని. స్త్రీలు ఒకరి నడుము నొకరు చుట్టి పట్టుకొని ధింసా ఆడిరి. మా కోయవారి రేల పాటలు గుర్తునకు వచ్చి కన్నులు చెమ్మగిల్లినవి. ఇంత దూరము వచ్చి మన అడవినే చూచితినా యనిపించినది. ప్రవరుని పాదలేపము హిమవంతమున కరగిపోయినట్లు మా తిరుగు టిక్కెట్టు కరగిపోయినను బాగుండునని మావారు పరిహాసమాడిరి.

కడపటినాడు భీమిలి దారిలోని తొట్లకొండ కేగితిమి. రాతిలో నీటితొట్లు తొలిచియుండుటచే ఆ పేరు. 1988 మొదలు 1993 వరకు త్రవ్వగా బౌద్ధభిక్షువుల విహారము బయటపడినది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునుండి అచ్చట వారు నివసించిరట. స్తూపపు ఇటుకలు, వరుసగదులు, భోజనశాల పునాదులు నేటికిని చూడవచ్చును. రోమకుల వెండినాణెములు గూడ దొరకినవి. అనగా ఆ కాలముననే ఓడల రాకపోకలు ఈ తీరమున కెరుకయే. ఎదుట సముద్రము పరచుకొనియున్నది. భోజనశాల పునాదిపై కూర్చుండి ఆలోచించితిని. ఇచ్చటి భిక్షువులు గూడ ఎచ్చటెచ్చటి పల్లెలనుండియో వచ్చినవారే కావలెను. వారి తల్లులు గూడ వాకిట నిలిచి చూచియే యుందురు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరమును తాకినపుడు చెట్లన్నియు కూలిపోయెననియు, దినములతరబడి దీపము, నీరు లేవనియు ఆడబిడ్డ అంతకుముందు రాత్రియే చెప్పియుండెను. నేను "అట్టి యూరిలో ఎట్లుంటివమ్మా?" అనగా, "ఊరు విడిచి ఎక్కడికి పోదును వదినా? మళ్లీ చెట్లు నాటుకున్నాం" అని నిదానముగ బదులు చెప్పినది. కొండపైనుండి చూచునపుడు ఆ చెట్ల పచ్చదన మంతయు కానవచ్చుచుండెను.

అమ్మాయి పాడుగోడల నడుమ తిరుగుచుండగ పిలిచి, "పరీక్ష ఎప్పుడే?" అని యడిగితిని. అది నా ముఖము చూచి ఇంకేమియు అడుగక వచ్చి నా ప్రక్క కూర్చున్నది. మావారు దూరమున నిలిచి సముద్రమును చూచుచున్నట్లు నటించిరి.

తిరుగుప్రయాణమున ఆడబిడ్డ అనకాపల్లి బెల్లపు అచ్చులను, మాడుగుల హల్వాను కట్టియిచ్చినది. ఈ హల్వాకు గోధుమలను మూడుదినములు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి పులియనిచ్చి, నేతితోను చక్కెరతోను నెమ్మదిగ కాచుదురు. ఓపిక గలవారు ఇంట ప్రయత్నింపవచ్చును. నేను రెండుమార్లు చేసి యొకమారు అడుగంటించితిని.

సోదరీమణులు ఈ యాత్ర చేయదలచిన కార్తికమునుండి మాఘమువరకు మంచికాలము. అరకునకు ఉన్నిబట్టలు, గుహలకు జారని చెప్పులు, రైలుకు ముందుగ టిక్కెట్టు కావలెను. ఇవియన్నియు గాక పిల్లల మాట వినుటకు కొంత తీరిక గూడ వెంట తీసికొనిపొండు. అది నేను ఇంట మరచి, దారిలో వెదకుకొంటిని.

ఇల్లు చేరినపుడు అత్తగారు వాకిట కూర్చుండి యుండిరి. "సముద్రం ఎట్లున్నదే?" అని యడిగిరి. నేను చెప్పబోవునంతలో అమ్మాయి లోపలికి పోయి ఆమె టేకు మందసముపై చేయివేసి, "నాయనమ్మా, దీని చుట్టాలందరూ అక్కడికి పోయి వచ్చారట" అని కథ మొదలుపెట్టినది. నేను పొయ్యి రాజేయుటకు పోతిని. పరీక్ష పుస్తకములు ఇపుడు మా వంటయింటి గూటిలో నున్నవి. భయము నా కొంగున నున్నది. అది అచ్చటనే యుండుగాక.